కెఫ్లావిక్ మీదుగా కల్లూరుకు

ఖమ్మం నుండి సత్తుపల్లి వెళ్ళే బస్సు వైరా, తల్లాడ దాటి కల్లూరు పొలిమేరకు రాగానే, ఫిబ్రవరి మాసమైతే, కిటికీలు మూసి ఉన్నా మిరప ఘాటు లోపలికి వస్తుంది. రోడ్డు పక్క కళ్లాలలో కోసిన కాయ ఎర్రగా పరచి ఉంటుంది. బస్సులో ఒకరు దగ్గుతారు, ఇంకొకరు సామాను సర్దుకుంటారు. ఒకవైపు సాగర్ ఎడమ కాలువ నీటితో పండే పొలాలు, ఇంకొకవైపు కనకగిరి గుట్టల అడవి. మా ఊరు ఆ రెంటికీ నడుమ ఉన్నది. అక్కడి నుండి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా వెళ్ళి గోదావరి దాటి భద్రాచలం చేరితే ఆ పైన అడవి దారులే.

మా అబ్బాజాన్ నీటిపారుదల శాఖలో లస్కరు. తెల్లవారగానే కాలువ గట్టు మీదకు వెళ్ళి గేజీ చదివి, నీటి మట్టం పుస్తకంలో రాసి, పై నుండి వచ్చిన ఉత్తరువు ప్రకారం తూము షట్టరు ఎత్తడమో దించడమో చేసేవారు. పదవీ విరమణ చేసిన తరువాత కూడా సైకిలు మీద వెళ్ళి గేజీ చూసి వచ్చేవారు. రాయడానికి పుస్తకం లేదు గనుక ఇంట్లో అందరికీ చెప్పేవారు.

మేమిద్దరమూ ఆయన పిల్లలమే అనుకోవచ్చు. మాలో ఒకరికి ఆయన తండ్రి, మరొకరికి తండ్రి వంటి మామగారు. ఆయన తుదిశ్వాస విడిచిన వేళ మేము షికాగో విమానాశ్రయంలో ఉన్నాము. అమ్మాయి ప్రసవానికని వెళ్ళి మూడు మాసాలైనది. అబ్బాజాన్‌కు బాగాలేదని తెలిసి హడావిడిగా టికెట్టు తీసుకున్నాము. భాయిజాన్ ఫోను వచ్చేసరికి అక్కడ సాయంత్రం ఆరు దాటింది, కల్లూరులో ఫజ్ర్ నమాజు వేళ. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

హైదరాబాదు నుండి షికాగోకు మధ్యలో ఎక్కడా దిగకుండా వెళ్ళే ఎయిర్ ఇండియా విమానం 2021 జనవరి 15న మొదలైనప్పుడు మన ప్రాంతాలలో ఎందరో తల్లిదండ్రులు సంతోషించారు. మేము ప్రయాణించిన నాటికి ఆ సదుపాయం లేదు. గల్ఫులో ఒక నగరం వరకు పదునాలుగు గంటలు, అక్కడ రెండు గంటల విరామం, హైదరాబాదుకు మరో నాలుగు గంటలు, ఆపై కల్లూరుకు రోడ్డు మీద ఐదు గంటలు. లెక్క వేసి చూస్తే మరునాడు ఉదయం పది, పదకొండు గంటలకు ఇంట్లో ఉండగలము. జనాజాను ఆలస్యం చేయవద్దన్నది దైవప్రవక్త (స) బోధ. పేష్ ఇమాం సాహెబు, ఊరి పెద్దలు ఆనాడే ఖననం చేద్దామన్నారట. భాయిజాన్ మా కోసం వారిని బతిమాలి, ఖమ్మం నుండి ఫ్రీజర్ బాక్సు తెప్పించి, మరునాటి వరకు ఆపడానికి ఒప్పించారు. ఆ ఒప్పందాన్ని గుండెల్లో పెట్టుకుని విమానం ఎక్కాము.

తూర్పు దిక్కుగా ఎగిరే విమానంలో రాత్రి చిన్నది. సూర్యుడు ఎదురు వస్తాడు. ఐదు గంటలు గడిచేసరికి, గ్రీన్‌లాండ్ దక్షిణ భాగం మీద ఉండగా, కిటికీ అంచున సన్నని వెలుగు కనిపించింది. ఫజ్ర్ ప్రవేశించిందో లేదోనని మేము ఆ వెలుగును పరిశీలిస్తుండగా మైకులో ప్రకటన వినవచ్చింది. ప్రయాణికులలో వైద్యులు ఎవరైనా ఉన్నారా? మరొక నిమిషానికి: తెలుగు తెలిసిన వారెవరైనా ఉన్నారా?

వెనుక వరుసలలో ఏలూరు వైపు పెద్దావిడ. వయసు డెబ్బై పైబడి ఉంటుంది. కుమారుని ఇంట ఆరు నెలలుండి ఒంటరిగా తిరిగి వెళుతున్నారు. ముఖమంతా చెమట. వైద్యుడొకరు, ఉత్తర భారతీయుడు, ఆవిడ నాడి పట్టుకుని ఉన్నాడు. ఆయన ఇంగ్లీషులో అడగడం, మేము తెలుగులో అడగడం, ఆవిడ చెప్పినది తిరిగి ఆయనకు చెప్పడం, ఇంతే మా పని. నొప్పి ఉన్నదా అంటే, “కొంచెమేనమ్మా. గ్యాసేమో. నా కోసం విమానం ఆపొద్దని చెప్పండి. ఇందరి ప్రయాణం పాడవుతుంది,” అన్నారు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా రాయాలి. ఆవిడ అన్న మాటలను ఉన్నవి ఉన్నట్లు అనువదించి ఊరుకుంటే విమానం ఆగకపోవచ్చునని మాకు ఆ క్షణంలోనే తోచింది. అనువాదం తప్పు కాదు. ఒక్క అక్షరం మార్చినట్లు కాదు. మమ్మల్ని అడిగేవారు లేరు. మేమిద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఆవిడ ఎడమ భుజాన్ని కుడి చేత్తో నొక్కుకుంటూనే ఉన్నారు. “చెయ్యి లాగుతోందా పెద్దమ్మా?” అని అడిగాము. “గుండెల మీద రాయి పెట్టినట్టుంది తల్లీ,” అన్నారు మెల్లగా. వైద్యునికి రెండు మాటలూ చెప్పాము. చెప్పి, “మా వైపు ఆడవాళ్ళు కొంచెమే అంటే చాలా ఉన్నదని అర్థం,” అని మా మాటగా ఇంకొకటి కలిపాము.

పైలట్లు కాక్‌పిట్ తలుపు తెరుచుకుని రోగి వద్దకు రారు. విమాన సిబ్బంది ఫోనులో లోపలికి చెప్పారు. నేల మీద ఇరవై నాలుగు గంటలూ కూర్చుని ఇటువంటి సలహాలిచ్చే వైద్యులతో పైలట్లు ఉపగ్రహ ఫోనులో మాట్లాడారు. పది నిమిషాలలో కెప్టెన్ గొంతు వినిపించింది: ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్‌లో దిగుతున్నాము. విమానం వంగి దిశ మార్చుకోవడం ఒంటికి తెలిసింది. కొంతసేపటికి రెక్క చివర నుండి తెల్లని పొగమంచు ధారలాగా వెనక్కు పోవడం చూసి పక్క సీటు కుర్రవాడు భయపడ్డాడు. అది పారబోస్తున్న ఇంధనమని తరువాత తెలిసింది.

తెల్లవారుతుండగా దిగాము. చుట్టూ నల్లని లావా రాతి నేల, దాని మీద మరకలుగా మంచు, విసురు గాలి. అంబులెన్సు వారు పైకి వచ్చారు. వారిలో తెలుగు తెలిసినవారు ఎక్కడి నుండి ఉంటారు? ఒక కాగితం మీద ఒకవైపు ఇంగ్లీషులో, దాని పక్కన తెలుగు మాట ఉచ్చారణ ఇంగ్లీషు అక్షరాలతో రాసి ఇచ్చాము. నొప్పి, ఊపిరి, నీళ్ళు, చలి, కొడుకు, భయం లేదు. ఆవిడ కుమారునికి మా ఫోను నుండే కబురు చేశాము. స్ట్రెచర్ మీద పడుకోబెడుతుంటే పెద్దావిడ మా చెయ్యి వదలలేదు. “మీరూ దిగండమ్మా,” అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది.

తరువాత భాయిజాన్‌కు ఫోను చేశాము. కల్లూరులో జుహర్ అయిపోయి రెండు గంటలు కావస్తున్నది. గల్ఫులో మా రెండవ విమానం దొరకదు, దాని తరువాతది పది గంటలకు గాని లేదు, మరునాటి రాత్రికి గాని ఇల్లు చేరలేము. భాయిజాన్ చాలాసేపు మాట్లాడలేదు. “ఆపమంటే ఆపుతాను. ఎవరేమన్నా నేను చూసుకుంటాను,” అన్నారు చివరకు. ఆపవద్దని చెప్పాము. అసర్ తరువాత ఖననం చేయమన్నాము. ఫోను పెట్టేసిన తరువాత మాలో ఒకరికి కోపం వచ్చింది. ఎవరి మీద అన్నది తెలియని కోపం. దగ్గరలో ఉన్నవాడు కెప్టెన్ గనుక ఆయన మీద.

ఆయన నడవాలోకి వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, నిద్ర లేని కళ్ళు. అనువదించినందుకు కృతజ్ఞతలు చెప్పబోయాడు. మా సంగతి విమాన సిబ్బందిలో ఒక అమ్మాయి ఆయన చెవిలో చెప్పింది. ఆయన తల దించుకుని, “మీ తండ్రి సంగతి నాకు ముందు తెలియదు. తెలిసినా ఇదే చేసేవాడిని. అందుకే తెలియకపోవడం మంచిదైంది,” అన్నాడు. ఆ మాట కఠినంగా తోచింది. ఎలా నిర్ణయించారని అడిగాము. విమానానికి ఇంధనం నింపుతున్నారు, ఆయనకు కొంత వ్యవధి ఉన్నది. సీటు చేతి మీద కూర్చుని చెప్పాడు.

మా విమానం బోయింగ్ 777, రెండు ఇంజన్లది. అటువంటి విమానం సముద్రం మీదుగా వెళ్ళేటప్పుడు, ఒక ఇంజను ఆగిపోయినా మిగిలిన దానితో నిర్ణీత వ్యవధిలో చేరగల విమానాశ్రయం దారి పొడవునా ఎప్పుడూ ఒకటి ఉండాలి. న్యూఫౌండ్‌లాండ్‌లో గ్యాండర్, లాబ్రడార్‌లో గూస్ బే, గ్రీన్‌లాండ్‌లో కాంగర్లుసువాక్, ఐస్‌లాండ్‌లో కెఫ్లావిక్, ఐర్లండ్‌లో షానన్. ఉత్తర అట్లాంటిక్ దాటేవారికి ఇవి సత్రాల వంటివి. 2001 సెప్టెంబరు 11న అమెరికా గగనతలం మూసినప్పుడు ఒక్క గ్యాండర్‌లోనే 38 పౌర విమానాలు దిగాయి. బయలుదేరే ముందే వీటి వాతావరణం, గాలి, రన్‌వే మీద మంచు పైలట్లు చదువుకుంటారు. దారిలోనూ గంట గంటకూ మళ్ళీ తెప్పించుకుంటారు. “ఎక్కడ దిగాలో అని ఈ ఉదయం ఆలోచించలేదు. షికాగోలోనే ఆలోచించి ఉంచాము,” అన్నాడు.

దగ్గరిది కాంగర్లుసువాక్. వెనక్కు తిరిగితే సరిపోయేది. కాని అది ఫియర్డ్ చివర, కొండల నడుమ ఉన్న చోటు. కొన్ని వందల మంది నివసించే ఊరు. గుండెకు వైద్యం చేయగల పెద్ద ఆసుపత్రి లేదు. కెఫ్లావిక్‌కు మరి కొన్ని నిమిషాలు ఎక్కువ, కాని అక్కడి నుండి యాభై కిలోమీటర్లలో రెయిక్యవిక్ నగరం, ఆసుపత్రి. దగ్గరిది వేరు, తగినది వేరు.

తరువాతది బరువు. ఈ రకం విమానం గరిష్ఠంగా 351 టన్నులతో పైకి లేవగలదు, కాని 251 టన్నులకు మించి దిగరాదు. దూరప్రయాణంలో ఆ తేడా ఇంధనంగా దారిలో ఖర్చవుతుంది. సగం దారిలో దిగవలసి వస్తే? మేము అప్పటికి ఇంకా ముప్పయి టన్నులకు పైగా బరువెక్కి ఉన్నాము. ప్రాణం మీదకు వస్తే ఆ బరువుతోనే దిగవచ్చు, నిషేధం లేదు. అయితే ఆ తరువాత విమానాన్ని ఇంజనీర్లు పరీక్షించాలి, మూడు వందల మందీ అక్కడే ఉండిపోవచ్చు. కెఫ్లావిక్ చేరడానికి ఎలాగూ ముప్పావు గంట పడుతుంది గనుక ఆ వ్యవధిలోనే ఎత్తున ఉండి ఇంధనం పారబోశారు. అంత ఎత్తు నుండి అది చాలావరకు ఆవిరైపోతుందట. ఆవిడ పరిస్థితి ఇంకా దిగజారి ఉంటే ఆ పని ఆపి నేరుగా దిగేవారమన్నాడు.

ఇంధనం లెక్కను గురించి ఇంటికి వచ్చాక మేమూ కొంత చదివాము. మార్గానికి పట్టేది, దాని మీద సాధారణంగా నూటికి ఐదు వంతులు, గమ్యంలో దిగలేకపోతే మరో విమానాశ్రయానికి చేరేంత, అక్కడ ముప్పయి నిమిషాలు గాలిలో తిరిగేంత. ఆ చివరి ముప్పయి నిమిషాల ఇంధనం లేకుండా ఏ పైలటూ దిగడానికి పథకం వేసుకోడు. దీనిపైన కెప్టెన్ తన విచక్షణతో ఇంకొంత అడగవచ్చు. ఎక్కువ అడిగినా చిక్కే: అదనపు ఇంధనాన్ని మోయడానికి మళ్ళీ ఇంధనం కాలుతుంది. పదమూడు, పదునాలుగు గంటల ప్రయాణంలో అదనంగా ఎత్తుకున్న టన్నులో మూడో వంతు దాకా ఆ మోతకే పోతుంది. చలికాలంలో ఇంకొక బెంగ, ఇంధనం గడ్డకట్టడం. అమెరికాలో నింపే రకం సున్నకు దిగువన 40 డిగ్రీల వద్ద, మన వైపు వాడే రకం 47 వద్ద గడ్డకట్టవచ్చు. ధ్రువానికి దగ్గరగా బయటి గాలి దానికంటే చల్లగా ఉండవచ్చు. ట్యాంకులోని ఉష్ణోగ్రత పడిపోతుంటే పైలట్లు కిందికి దిగి వెచ్చని గాలి వెతుక్కుంటారు, లేదా వేగం పెంచుతారు.

ఈ లెక్కలలో ఒక చిన్న అనువాద దోషం ఎంత పని చేయగలదో 1983 జూలై 23న కెనడాలో తెలిసింది. ఒక బోయింగ్ 767కు ఇంధనం కిలోలలో లెక్కించవలసిన చోట పౌండ్ల లెక్క వాడారు. కావలసినదానిలో సగం కూడా లేకుండా విమానం పైకి లేచింది. నడిమి ఆకాశంలో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు దానిని గ్లైడరు వలె నడిపి గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరంలో దించారు. లోపల ఉన్న 69 మందీ బతికారు. అది చదివినప్పుడు మాకు పెద్దావిడ చెప్పిన ‘కొంచెం’ గుర్తుకు వచ్చింది.

కెప్టెన్ పదే పదే గడియారం చూసుకోవడం గమనించి కారణం అడిగాము. పైలట్లు నలుగురున్నారు, ఇద్దరు నడుపుతుంటే ఇద్దరు పడక గదిలో నిద్రపోతారు. అయినా మొత్తం విధి సమయానికి ఒక హద్దున్నది. శరీరం రాత్రి రెండు నుండి ఆరు వరకు ఎంత వద్దన్నా మగతలోకి జారుతుంది గనుక ఆ హద్దు పెట్టారు. 2025 డిసెంబరులో మన దేశంలో విమానాలు పెద్ద సంఖ్యలో రద్దయినప్పుడు ఈ విశ్రాంతి నియమాల మాట మన ఇళ్ళలో కూడా వినిపించింది. “మరో అరగంటలో కదలకపోతే మేము నడపకూడదు. అందరమూ ఇక్కడే పడుకోవాలి,” అన్నాడు. “మీకు ఓపిక ఉన్నా?” అన్నాము. “ఓపిక ఉన్నదా లేదా అని అలసిన మనిషిని అడగకూడదు,” అని లేచి వెళ్ళాడు.

ఇరవై నిమిషాలు మిగిలి ఉండగా విమానం కదిలింది. కల్లూరులో అసర్ సమయానికి మేము నార్వే తీరం దిక్కుగా వెళుతున్నాము. తెర మీద చిన్న విమానం బొమ్మ నీలి సముద్రంలో మెల్లగా జరుగుతున్నది. సీట్లలోనే చేతులెత్తి దువా చేసుకున్నాము. గల్ఫులో పది గంటలు కూర్చున్నప్పుడు ఆవిడ కుమారుని నుండి సందేశం వచ్చింది: స్టెంటు వేశారు, మాట్లాడుతున్నది. అల్‌హందులిల్లాహ్.

హైదరాబాదుకు తమ్ముడు కారు తెచ్చాడు. వాడు లారీ నడుపుతాడు. సత్తుపల్లి, కల్లూరు సరుకు భద్రాచలం, చింతూరు, కోంట మీదుగా జగదల్‌పూరు చేరుస్తాడు. జరిగినదంతా చెబుతుంటే సూర్యాపేట దాకా ఒక్క మాట అనలేదు. ఇంట్లో అందరికంటే అబ్బాజాన్‌కు దగ్గరివాడు. వాడికి కోపం వస్తుందనుకున్నాము.

“నేనూ భద్రాచలంలోనే ట్యాంకు నింపుతాను భాబీ, సగం ఉన్నా సరే,” అన్నాడు చివరకు. “నది దాటాక ఏ ఊళ్ళో బండి పెట్టుకోవచ్చో, ఎక్కడ డాక్టరు దొరుకుతాడో ఎక్కకముందే అనుకుంటాను. అడివిలోకి వెళ్ళాక అనుకుంటే ముందుకే పోదామనిపిస్తుంది.” కొంతసేపటికి మళ్ళీ అన్నాడు: “గోదావరికి భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ అంకెలు వరద నాడు పెట్టినవి కావు. 2022 జూలైలో 71 అడుగులు దాటి వచ్చిన నాడు కూడా ఆ అంకెలనే చూశారు. అబ్బాజాన్ గేజీ కూడా అంతే గదా. రైతు వచ్చి ఏడ్చినా తూము ఎత్తేవాడు కాదు, తిట్టినా దించేవాడు కాదు.”

ఇషా తరువాత ఇల్లు చేరాము. పరామర్శకు వచ్చినవారు వెళ్ళిన పిదప భాయిజాన్ కుమార్తె, ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్ల, మా పక్కన చేరి ఇంధనం పారబోయడం గురించి రెండుసార్లు చెప్పించుకున్నది. ఆడపిల్లలు ఇది చేయవచ్చునా అని అడిగింది. హైదరాబాదు పాతబస్తీలో బేకరీ కార్మికుని కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా పైలట్ అయిన సంగతి చెప్పాము. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా విమానం తెచ్చిన కెప్టెన్ జోయా అగర్వాల్ బృందంలో అందరూ స్త్రీలేననీ, వారిలో పాపగారి తన్మయి ఒకరనీ చెప్పాము. పిల్ల లెక్కల పుస్తకం తెచ్చుకున్నది. చావు ఇంట్లో ఇదేమిటని ఎవరైనా అంటారేమోనని చూశాము, ఎవరూ అనలేదు.

మరునాడు ఫజ్ర్ తరువాత ఖబరస్తాన్‌కు వెళ్ళాము. కొత్త మట్టి ఇంకా తడిగా ఉన్నది. భాయిజాన్ ఎక్కడ నిలబడి నమాజు చేయించారో, ఎవరెవరు వచ్చారో చెప్పారు. ఐదు గంటల పది నిమిషాలకు మట్టి ఇచ్చారట. ఆ సమయానికి మేము ఎక్కడున్నామని అడిగారు. సముద్రం మీద అన్నాము. “కాలువ నీళ్ళు ఎంత ఉన్నాయో చూసి రమ్మని ముందు రోజు కూడా అడిగాడు,” అన్నారు ఆయన.

తిరిగి వచ్చేసరికి తమ్ముడు లారీ తీసి గేటు ముందు పెట్టాడు. జగదల్‌పూరుకు లోడు రెండు రోజులుగా ఆగి ఉన్నదట. టీ తాగి వెళ్ళమంటే, చీకటి పడకముందు అడివి దాటాలి భాబీ అని ఎక్కి కూర్చున్నాడు.